పడని వానకు దోనె

కోడుమూరుకు ఆరు మైళ్ల దూరంలో ఉన్న బండకాడపల్లెలో, పంచాయతీ ప్రెసిడెంటు బొజ్జన్నగారి మిద్దె దోనె వంగిపోయిందని 1954వ సంవత్సరం శ్రావణ మాసంలో కనుగొనడం జరిగింది. మిద్దె మీది వాన నీళ్లను గోడ తడవకుండా వీధి కాలువలోకి పడేసే రేకుకు దోనె అని పేరు. మూడేళ్లుగా ఆ ఊళ్లో చెప్పుకోదగ్గ వాన లేదు గనుక ఈ మూడేళ్లూ ఆ దోనె మచ్చలేని పేరుతో బతికింది.

అది వంగడానికి కారణం కూడా వానే. ఊళ్లో అన్నిటికంటే ఎత్తయిన మిద్దె ప్రెసిడెంటుది. అందుకని ప్రతి సాయంత్రం పదిమంది పెద్దమనుషులు దాని మీదికెక్కి మేఘాల కోసం పడమటి దిక్కుకు చూసేవారు. బాగా కనబడాలని ఒక్కొక్కరూ ఒక కాలు పిట్టగోడ దాటించి దోనె మీద మోపేవారు. వాళ్లలో కంబన్నకు చూపు సరిగా ఆనదు గనుక ఆయన రెండు కాళ్లూ మోపేవాడు. ఈ విధంగా వాన కోసం చూసి చూసి వాన నీళ్లు పోయే దారిని అందరూ కలిసి చెడగొట్టారు. ఊళ్లో ఐకమత్యం లేదనేవాళ్ల నోట్లో దుమ్ము.

దోనె కింద, గోడ వారనే జొన్నల పాతర ఉంది. మూడేళ్ల కిందట ఆఖరి పంట వచ్చినప్పుడు ప్రెసిడెంటు భార్య సుంకులమ్మ నేలలో గుంత తవ్వించి, మూడు పుట్ల జొన్నలు పోయించి, పైన బండ పరిపించి, బండ మీద తన చేత్తో మట్టి మెత్తింది. ఇంట్లో గాదె అడుగంటింది. దీపావళికి పాతర తెరవాలని ఆమె రోజులు లెక్కపెట్టుకుంటోంది. ఆ జొన్నలు ఉంటే వచ్చే ఏడాది దాకా ఇంటిల్లిపాదికీ సంగటి. లేకుంటే ప్రెసిడెంటుగిరీ కడుపు నింపదు.

"ఏమయ్యా, ఏసన్నను పిలుచుకోనిరా. వాన యాడ వస్తాదిలే అనుకోవద్దు. వచ్చిందంటే నీళ్లన్నీ నా పాతర మీదనే దూకుతాయి," అంది సుంకులమ్మ.

ఏసన్న ఆ ఊళ్లో ఎక్కి దిగని మిద్దె లేదు. ఏటా తొలకరికి ముందు మిద్దెల మీద చౌడు మట్టి పోసి, దోనెలు సరిచేసి, ఇంటికి చేటెడు జొన్నలూ ఒకపూట సంగటీ తీసుకుని, ఆదివారం యేసుప్రభువు గుడికి తెల్లబట్ట కట్టుకుని పోయేవాడు. అతను వచ్చి దోనెను కిందినుంచి ఒకసారి, పైనుంచి ఒకసారి చూశాడు.

"వాలు పోయిండాదప్పా. రెండు కొయ్యలు దిగ్గొట్టి, రేకు మూతి కిందికి వాలేటట్ల కట్టేస్తే సరి. పొద్దు తిరిగేలోపల అయిపోతాది," అన్నాడు.

అక్కడే పని చెడింది. కిందటేడు ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయినప్పటి నుంచి బొజ్జన్న మూడుసార్లు పోయి వచ్చాడు. గుడారాల్లో కూర్చుని అధికారులు మేడలకు ప్లాన్లు గీయడం కళ్లారా చూశాడు. ఎస్టిమేటు లేకుండా అక్కడ ఎవరూ గుటక కూడా మింగరని గ్రహించాడు. ఆ కళ్లతో చూస్తే ఏసన్న పెరటి చెట్టయిపోయాడు, మందుకు పనికిరాలేదు.

"పొద్దు తిరిగేలోపల అయ్యేది ఒక పనేనా ఏసన్నా? రాజధాని ఇంత దగ్గర పెట్టుకోని, మనం ఇంకా కొయ్యలు దిగ్గొట్టుకుంటా ఉంటే దేశం ఏమనుకుంటాది?" అని మందలించాడు. దేశం ఏమనుకుంటుందో ఏసన్నకు తెలియలేదు. తలగుడ్డ దులుపుకుని పోయాడు.

కర్నూలు నుంచి గోపన్న అనే కంట్రాక్టరు వచ్చాడు. రాజధాని గుడారాలకు మేకులు సరఫరా చేసిన అనుభవజ్ఞుడు. ఆయన చంకలో గొడుగు ఉండటం చూసి ఊరంతా గుమికూడింది. గొడుగంటే ఏమిటో మరిచిపోయిన ముసలివాళ్లు కొందరు దానికి దండం కూడా పెట్టారు. గోపన్న ఆరడుగుల దోనెను రెండు రోజులు కొలిచాడు. దోనె నుంచి కోడుమూరు రోడ్డుకు ఎంత దూరమో కూడా కొలిచాడు. పదకొండు పేజీల ఎస్టిమేటులో దోనె అన్న మాట ఎక్కడా రాకుండా "వర్షజల నిర్గమ నిర్మాణము" అని రాశాడు. అది చదివిన రోజు నుంచి బొజ్జన్న నడకలో మార్పు వచ్చింది.

ఒప్పందంలో షరతులు రెండే. వాన వల్ల నిర్మాణానికి గాని, దాని కింది ఆస్తికి గాని నష్టం కలిగితే కంట్రాక్టరు సొంత ఖర్చుతో పూడ్చాలి. ఇతరులెవరైనా నిర్మాణం మీద చెయ్యి వేస్తే మొదటి షరతు చెల్లదు. బొజ్జన్న మొదటిది పెద్దగా చదివి, రెండోదానికి తలూపి, సంతకం పెట్టాడు.

శంకుస్థాపన జరిగింది. పాతర పక్కనే నాపరాయి పాతి, ప్రెసిడెంటు ప్రసంగించారు: "సోదర సోదరీమణులారా! నిన్నటి దోనె వేరు, రేపటి దోనె వేరు. నిన్న దోనె నేల చూపులు చూసింది. రేపు మన దోనె ఆకాశం వంక చూస్తుంది!" జనం చప్పట్లు కొట్టారు. ఆయన మాట వరుసకు అన్నారనుకున్నారు పాపం.

మాట వరుసకు కాదు. కలెక్టరు జీపు రోడ్డు మీద పోతుంటే దోనె తల వంచుకుని కనబడటం ఊరికి పరువు తక్కువని గోపన్న అభిప్రాయం. అందుకని తొండమెత్తి దీవిస్తున్న ఏనుగులాగా దోనె మూతిని పైకెత్తి బిగించి, ఆకుపచ్చ రంగు వేశాడు.

ఏసన్న వీధిలో నిలబడి చూశాడు. "శానా బాగుండాదప్పా. అయితే నీళ్లు పైకి యెట్ల పోతాయి?" అన్నాడు.

"అది ఇంజనీరింగు," అన్నాడు గోపన్న. ఆ మాటకు తిరుగు లేదు.

సుంకులమ్మ ఊరుకోలేదు. బిందెడు నీళ్లు మిద్దె మీద పోసి చూద్దామంది. బొజ్జన్న నాలిక కరుచుకున్నాడు. ఊరి బావిలో నీళ్లు అడుగంటాయని, చెంబెడు నీళ్లు వృథా చేసినవారు దండనార్హులని ఆయనే తీర్మానం చేసి ఉన్నాడు. చట్టం చేసినవాడే దాన్ని మీరితే ఎట్లా? కాబట్టి పరీక్ష లేకుండానే దోనె ఉత్తీర్ణమైంది.

అదే వారం కరువు అర్జీ వచ్చిపడింది. ఊళ్లో గంజి కేంద్రం పెట్టాలంటే వాన పడలేదని పెద్దలు రాసివ్వాలి. అర్జీ ఉత్తుత్తిది కాదు. గిడ్డమ్మ ఇంట్లో నాలుగు రోజులుగా పొయ్యి వెలగలేదు, కంబన్న మనవరాలు చింతగింజలు వేయించుకుని తింటోంది. అయితే ఆ ఫారంలో "సంవత్సరాంతము వరకు పడిన వర్షము" అని ఒక గడి ఉంది. అప్పటికింకా భాద్రపదం. మిగిలిన నెలల సంగతి ఏం రాయాలని బొజ్జన్న కాసేపు కలం కొరికాడు. ఖాళీ వదిలితే గంజి ఆలస్యమవుతుందని తలచి, "సంవత్సరాంతము వరకు చుక్క కూడా పడలేదు" అని రాసి మొదటి సంతకం పెట్టాడు. కర్నూలుకు బయల్దేరుతున్న గోపన్న సాక్షి సంతకం పెట్టి, తనకొక నకలు రాయించుకుని, గొడుగు తీసుకుని బస్సెక్కాడు. పది రోజుల్లో గంజి కేంద్రం వచ్చింది. ఊరు బతికింది.

చిత్త కార్తెలో ఒక మిట్టమధ్యాహ్నం, ఏ ఫారమూ చదవని వాన వచ్చింది. గంటసేపు కుండపోత. జనం వీధుల్లో గంతులు వేశారు. కంబన్న నోరు తెరుచుకుని ఆకాశం కింద నిలబడ్డాడు.

మిద్దె మీది నీళ్లు పరుగున దోనె దాకా వచ్చాయి. పైకి పోలేక, వెనక్కి పోలేక, మొదట్లోనే పొర్లి గోడ వెంబడి దిగాయి. కాలువకైనా పోయేవే, శంకుస్థాపన రాయి అడ్డం నిలబడి వాటిని సాదరంగా పాతర వైపు మళ్లించింది. సుంకులమ్మ గుండెలు బాదుకుంటూ వచ్చి, కొంగు నడుముకు దోపి, రెండు చేతులా మట్టి ఎత్తి బండ చుట్టూ కట్ట వేసింది. వేసిన కట్ట వేసినట్టే కొట్టుకుపోయింది. ఏసన్న తన ఇల్లు కారుతున్నా వదిలేసి, నిచ్చెన భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఒక్క దెబ్బ కొడితే మూతి కిందికి దిగుతాది అక్కా!" అని నిచ్చెన వేశాడు.

"చెయ్యెయ్యొద్దు!" అని ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని అరిచాడు బొజ్జన్న, ఒప్పందం తడవకుండా పంచెలో దాచుకుంటూ. "నువ్వు చెయ్యేస్తే షరతు పోతాది. నష్టం ఆయప్పనే పూడుస్తాడు!"

"షరతు తింటావా అప్పా?" అన్నాడు ఏసన్న. బొజ్జన్న నిచ్చెన వదల్లేదు. అతని కాళ్ల కింద పాతర గుటగుటమని నీళ్లు తాగింది.

మరునాడే బొజ్జన్న కర్నూలు పోయాడు. గోపన్న కాఫీ తెప్పించి, మర్యాదగా విని, పెట్టెలోంచి కరువు అర్జీ నకలు తీశాడు.

"ప్రెసిడెంటుగారూ, సంవత్సరాంతం వరకు చుక్క పడలేదని తమరే రాసినారు. సాక్షిని నేనే. పడని వానకు దోనె కింది పాతర యెట్ల తడుస్తుంది సార్?"

బొజ్జన్న కరువు ఆఫీసు గుడారానికి పోయాడు. నిన్న వాన పడినట్టు ఒక్క ముక్క రాసివ్వమన్నాడు. గుమాస్తా తల కూడా ఎత్తకుండా, "పడిందంటే గంజి కేంద్రం ఎత్తేస్తాం. ఏం రాయమంటారు?" అన్నాడు. బొజ్జన్న లేచి వచ్చేశాడు. కానీ మాట నోరు దాటింది, విచారణ మొదలైంది.

అధికారి జీపులో వచ్చేసరికి సుంకులమ్మ పాతర తవ్వించి, జొన్నలు వీధిలో ఆరబోసి ఉంది. ముక్కు పగిలే కంపు. సగం కుళ్లాయి, సగం మొలకెత్తాయి. ఆ ఏడాది తాలూకా మొత్తం మీద మొలకెత్తిన జొన్నలు అవే.

"ఇవి ఎలా తడిశాయి?" అని అడిగాడు అధికారి.

బొజ్జన్న ఊరి వంక చూశాడు. ఊరు బొజ్జన్న వంక చూసింది. గిడ్డమ్మ గిన్నె కొంగు కింద దాచుకుని, రెప్ప వేయకుండా చూస్తోంది.

"ఆడోళ్ల కన్నీళ్లు సార్. కరువు గదా," అన్నాడు బొజ్జన్న.

అధికారి చలించిపోయి రాసుకున్నాడు. పోతూ పోతూ తలెత్తి నిలబడ్డ దోనెను చూసి, ఇటువంటి దోనె ప్రతి గ్రామంలోనూ ఉండాలని సిఫారసు చేశాడు. అయితే పుకార్లు రాకుండా కొత్త నియమం ఒకటి పెట్టాడు. ఇకమీదట గంజి కోసం గిన్నె చాచే ప్రతి మనిషీ "వాన పడలేదు" అని చెప్పి వేలిముద్ర వేయాలి. చెప్పించే బాధ్యత ప్రెసిడెంటుది.

దీపావళి నాడు పాతర తెరవాల్సిన సుంకులమ్మ సత్తు గిన్నె పట్టుకుని గంజి వరుసలో నిలబడింది. ముందున్నవాళ్లంతా చెప్పారు. ఏసన్న యేసుప్రభువును తలుచుకుని, కళ్లు మూసుకుని చెప్పాడు. ఆమె వంతు వచ్చింది. బల్ల వెనక భర్త కూర్చుని ఉన్నాడు.

"వాన పడిందా?" అని అడిగాడు, తలెత్తకుండా.

"పడింది," అంది సుంకులమ్మ. "నా జొన్నలనడుగు."

గరిటె గాలిలో ఆగిపోయింది. వెనక వరుసలో నూటఇరవైమంది. "పడలేదని చెప్పక్కా, నీ కాళ్లు మొక్కుతా, పిల్లోళ్లుండారు," అంది గిడ్డమ్మ. సుంకులమ్మ వెనక్కి తిరిగి చింతగింజల పిల్లను చూసింది, ఏసన్నను చూసింది. మొగుణ్ణి మాత్రం చూడలేదు. బొటనవేలు సిరాలో ముంచి, కాగితం మీద ఒత్తింది. గంజి పోశారు.

కాబట్టి ఆ ఏడు బండకాడపల్లెలో వాన పడలేదు. మీరు నవ్వుకుంటున్నారని తెలుసు. ఒక్కసారి మీ బొటనవేలు చూసుకుని నవ్వండి. కడుక్కుంటే పోయే సిరా కాదది.