చెంచాధారియైన అల్లుడు కారవాన్ కప్పెక్కిన వృత్తాంతము

వినుడు, చేతి విసనకఱ్ఱలు కాసేపు పక్కన పెట్టి వినుడు! ప్రచండ మార్తాండ కిరణజ్వాలా సహస్రములు మేడలను పెనములుగను వీధులను కొలుములుగను మార్చి, కుళాయినీటిని సైతము పొయ్యి లేకయే కాచుచున్న ఆ ఘోర గ్రీష్మమున, సముద్రతీర సైకతస్థలిపై కారవాన్ అనబడు చక్రయుక్త గృహమొకటి నిలిచియుండెను. లోపల మంచములు, వంటగట్టు, నెత్తిన కిరీటమువలె ఒక ఏసీ గల ఆ రథమును అద్దెకు తెచ్చిన మహావీరుడెవ్వడనగా, ఏసీలు బాగుచేయు మెకానిక్కు.

పరగృహములందు మంచుకొండలను ప్రతిష్ఠించు ఆ శీతలవిద్యావిశారదుని సొంత ఇంట ఏసీ మాత్రము ఏండ్ల తరబడి చచ్చిపడియుండెను. "రేపు చూస్తా" అనుట అతని నిత్యపారాయణము. అల్లుని మెచ్చుకొని యెరుగని అత్తగారు ఆ ఏసీ కిందనే కూర్చుండి, అట్టముక్కతో విసరుకొనుచు ఒకనాడిట్లనెను.

"ఊళ్ళో అందరి ఇళ్ళూ చల్లబడ్డాయి అల్లుడుగారూ. మన వంతెప్పుడో?"

ఆ వాక్శూలము గుండెలో దిగబడగా, అభిమానధనుడు మంచినీళ్ళ గ్లాసును బల్లపై ఠంగుమనిపించి లేచెను. "అత్తగారూ! ఈ వేసవి ముగియులోపల మీ నోటనే 'చల్లగా ఉంది' అను మాట పలికింపకున్న, ఇక ఈ జన్మమున స్క్రూడ్రైవరు ముట్టను! మిమ్ము సముద్రతీరమునకు గొంపోయెదను!"

"ముందు ఆ ఫ్యానన్నా మా అమ్మ వైపు తిప్పండి," అనెను భార్య. "వస్తాం కానీ, మీ పనిముట్ల పెట్టె ఇంట్లోనే ఉండాలి. అక్కడికొచ్చి కూడా ఏదో ఒకటి విప్పుకుంటూ కూర్చుంటే ఊరుకోను."

వీరుడు తలయూపెను. కొంప మునిగినది అక్కడనే.

ఏలయనగా, తీరము చేరి చేరకమునుపే ఆ రథశిరోభూషణమైన ఏసీ రెండుమార్లు దగ్గి, ఒకమారు గురకపెట్టి, కన్నుమూసెను. లోపల ఉడికిపోలేక అందరును బయటపడిరి. బండి నీడ చూడబోయిన చారెడు. చాప పరచి భార్యయు కూతురును అందు సర్దుకొనిరి. మోకాళ్ళనొప్పులచే నేలపై కూలబడలేని అత్తగారికి కుర్చీ వేయగా, పాదములు నీడనుండెను, శిరస్సు ఎండనుండెను. ఆమె ఊరకే అల్లునివంక చూచెను. దానికంటె తిట్టుటయే నయము.

నిరాయుధుడైన వీరుడు వంటగట్టు సొరుగు లాగి, ఒక చెంచాను దూసి, వెనుకనున్న నిచ్చెనపై కాలు మోపెను.

"ఏమండీ, చేతిలో ఏంటది?"

"చెంచా. టీలో చక్కెర కలుపుకుందామని."

"వ్యాను మీదకెక్కా?"

చెంచాను పండ్లతో కరచిపట్టి అతడు పైకెగబ్రాకెను. కాలిన రేకుపై ఉత్తకాళ్ళతో తాండవమాడుచు, ఏసీ మూతకున్న మరలతో తలపడెను. కొన్ని లొంగెను. కడపటిది మొండికేసెను. "ఓరీ తుప్పుపట్టిన దురాత్మా! వేయి ఏసీల ఉదరములు చీల్చిన ఈ హస్తమునకు నీవొక లెక్కా!" అని గర్జించి తిప్పగా, చెంచా వంగెను, వేలు చిట్లెను, మర ఊడెను. మూత ఎత్తి చూచుసరికి మోటారు మాడి మసియైయుండెను. చెంచా కాదు, పెట్టెడు పనిముట్లున్నను అది ఇక తిరుగదు.

ప్రతిజ్ఞ మంటగలిసెనని అతనికి ఏడుపు వచ్చినంత పనియయ్యెను. దిగుదమని ఆ వెడల్పాటి మూతను నెత్తిపైకెత్తుకొని అంచుకు వచ్చినంతనే, కిందినుండి ఒక కంఠము వినవచ్చెను.

"అబ్బ... చల్లగా ఉంది."

వంగి చూచెను. మూతనీడ సూటిగా అత్తగారి ముఖముపై పడియుండెను.

"కదలకండి అల్లుడుగారూ! కాస్త ఎడమకి... ఆఁ, అదీ! ప్రాణం లేచొచ్చింది."

ఎంత సంతోషము కలిగెననగా, అరికాళ్ళు కాలుచున్న సంగతియే అతడు మరచెను. భార్య మరువలేదు. కిందినుండి చెప్పులు విసరెను.

"నాన్నా, నీళ్ళలోకి రావా?" అని కూతురు పిలిచెను.

"రాలేనమ్మా, డ్యూటీలో ఉన్నా."

పొద్దు వాలెను. బండి నీడ తానే సాగి, చాపను దాటి, కుర్చీని దాటి, అత్తగారిని నిలువునా కప్పి, అలలవైపు పోయెను. మూతతో ఇక పనిలేదు.

"ఏమండీ, నీడ వచ్చేసింది, ఇక దిగండి," అనెను భార్య.

"ఉండనీవే," అనెను అత్తగారు, కన్నులు తెరువకయే. "ఆయన పట్టుకుంటేనే ఇంకొంచెం చల్లగా ఉంది."

కనుక లోకులారా, తెలియుడు! ఏసీ చల్లబడలేదు, రథము చల్లబడలేదు, సముద్రము వీరుని కాలిగోటినైనను తడుపలేదు. అయినను ఒక అత్తగారి ముఖము, జానెడు మేర, అల్లుని చేతిమీదుగా చల్లబడెను. పొద్దు గ్రుంకినను ఆ మూత దిగలేదు!