ఫోర్‌మన్ గారి తిరగబడ్డ అక్షరాలు

ఫోర్‌మన్ గారు ఆ ఉదయం స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నాణేల సంఘానికి వెళ్లి ప్రసంగించాలనుకున్నారు. టంకశాలలో జరిగిన తప్పుకూ, బయట తగిలిన దెబ్బకూ తేడా కనిపెట్టడం ఎలాగన్నది విషయం. స్ప్రింగుల కార్ఖానాలో రిటైరయ్యాక ఆయనకు మిగిలిన పెద్దరికమల్లా ఆ సంఘంలో పరిశీలకుడి కుర్చీ ఒక్కటే. ఎవరు ఏ నాణెం తెచ్చినా భూతద్దం కింద ఓసారి చూసి, "దెబ్బ" అని పక్కకు విసిరేసేవారు. సొంత బావమరిది తెచ్చినదాన్నీ పదిమందిలో అలాగే విసిరేశారు. అప్పట్నుంచీ బావమరిది కుతకుత ఉడికిపోతున్నాడు.

ఇప్పుడు ఫోర్‌మన్ గారి దగ్గరే ఒక అపురూపం ఉంది. పోయిన నెల ఇంట్లో చిల్లర డబ్బాలో దొరికింది. బొమ్మకు అడ్డంగా, అద్దంలో చూసినట్టు తిరగబడిన అక్షరాలు లోపలికి దిగి ఉన్నాయి. టంకశాలలో అచ్చుకు అంటుకుపోయిన నాణెం ఒకటి తర్వాతి నాణెం మీద వేసిన ముద్ర అని ఆయన తేల్చేశారు. ఎవరో రెండు నాణేలు కలిపి గట్టిగా నొక్కారంతే అన్నాడు బావమరిది. "నా కన్ను మోసపోయిందని తేలితే మళ్లీ ఆ కుర్చీలో కూర్చోను" అని ఫోర్‌మన్ గారు అందరి ముందూ శపథం చేశారు.

స్నానానికి వెళ్లబోతూ దాన్ని వంటింటి కిటికీ వెలుగులో మరోసారి మురిపెంగా చూసుకుని గట్టు మీద పెట్టారు. తిరిగొచ్చేసరికి లేదు. తీసుకెళ్లిన గొడుగు ఇచ్చిపోవడానికి బావమరిది అప్పుడే వచ్చి వెళ్లాడు. ఇంకేం, ఫోర్‌మన్ గారికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంట్లో భార్య అనే మనిషి ఉందనీ, ఆమెను ఒక్క మాట అడగొచ్చనీ తోచలేదు. ఆకలేస్తే తప్ప ఆయనకు ఆవిడ గుర్తుకురాదు.

ఫోన్ అందుకుని బావమరిదిని దొంగ అనేశారు. అది చాలదన్నట్టు, సంఘం అధ్యక్షుడైన పళ్ల డాక్టరుకూ ఫోన్ చేసి, ఆ దొంగను సంఘంలోంచి గెంటేదాకా గుమ్మం తొక్కనన్నారు. డాక్టరు నోరు తెరుచుకుని ఉన్న పేషెంటును అలాగే కుర్చీలో వదిలేసి, బావమరిదిని వెంటబెట్టుకుని వచ్చాడు. బావమరిది వస్తూనే జేబులు తిరగేశాడు. చెప్పులు విప్పి దులిపాడు.

"నా దగ్గర లేదని తేలితే వీధిలో నిలబడి క్షమాపణ చెప్పాలి బావా," అన్నాడు.

"దొరక్కుండా దాచడం నీకు తెలీదా?" అన్నారు ఫోర్‌మన్ గారు. పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూస్తున్నారు.

ఇంతలో పెరట్లోంచి భార్య పిలిచింది. "తమ్ముడూ, ఓసారి ఇటు రారా. ఈ వైసు బిగుసుకుపోయింది."

ముగ్గురూ పనిముట్ల షెడ్డులోకి వెళ్లారు. బల్లకు బిగించిన ఫోర్‌మన్ గారి వైసు ఇనుప దవడల మధ్య కుక్కర్ పిడి ఇరుక్కుని ఉంది. దాని పక్కనే సందులో రెండు నాణేలు ఒకదాన్నొకటి కరుచుకుని ఉన్నాయి.

"పిడి పట్టీ మళ్లీ వంగింది," అందామె భర్తతో. "ఈ వైసు దవడ అరిగిపోయింది, బాగుచెయ్యమంటే మీరు వినరు. అందుకే సందులో రెండు బిళ్లలు పెట్టి బిగిస్తాను. పోయిన నెలా ఇవే పెట్టాను. ఒకటి డబ్బాలో ఉంది, రెండోది ఇవాళ కిటికీ గట్టు మీద కనిపించింది."

బావమరిది కసిగా ఒక్క గుంజుతో వైసు వదులు చేశాడు. డాక్టరు రెండు నాణేలనూ కట్టుడు పళ్లు సరిచూసినట్టు ఒకదానిమీద ఒకటి ఆనించి చూశాడు. దీని అక్షరాలు దాని గుంటల్లో చక్కగా కూర్చున్నాయి. వాటిని ఫోర్‌మన్ గారి చేతిలో పెట్టాడు.

ఫోర్‌మన్ గారు భార్యను కొరకొరా చూశారు. తర్వాత వైసును చూశారు. ఎవరిని తిట్టడానికీ సందు దొరకలేదు.

"దెబ్బ," అన్నారు.

వీధిలో నిలబడి క్షమాపణ చెప్పారు. సంఘంలో ప్రసంగం బావమరిది చేశాడు, ఆ కుర్చీలోనే కూర్చుని. ఫోర్‌మన్ గారు షెడ్డులో ఒంటరిగా పళ్లు నూరుకుంటూ, వైసుకు కొత్త దవడ బిగించారు.

కుక్కర్ పిడి పని మాత్రం అప్పట్నుంచీ బిళ్లలు లేకుండానే జరిగిపోతోంది.