అత్తగారి గౌన్లు, అల్లుడి పరుగు

పొద్దున్నే తాడు పట్టుకుని దర్జీ హాల్లో గెంతుతుంటే, గోడగడియారం అదిరి ఐదు నిమిషాలు ముందుకెళ్లింది.

"ఏమిటండీ ఆ కోతిగెంతులు?" అంది భార్య.

"నీ కోసమేనే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఆయాసం వచ్చేలా కాసేపు పరిగెడితే, ఆ తర్వాత కొంతసేపు నొప్పి అంతగా తెలియదట. డ్రిల్లు మాస్టారు ప్యాంటు కొలతలిస్తూ చెప్పాడు."

"నాకిప్పుడు నొప్పెక్కడుంది?"

దర్జీ మూలగది వైపు చూశాడు. అత్తగారు పోయి నెలయింది. ఆవిడ గౌన్లు పెట్టెలోనే ఉన్నాయి. పదకొండింటికి వృద్ధాశ్రమం ఆయా వచ్చి అక్కడి ముసలమ్మల కోసం తీసుకెళ్తుంది.

"పెట్టె తెరిస్తే తట్టుకోలేవు. ముందు బిల్డింగు చుట్టూ పది రౌండ్లు కొట్టి రా."

అసలు సంగతి వేరు. జబ్బుతో అత్తగారు వారవారానికీ చిక్కిపోతుంటే, దర్జీ గుట్టుగా ఆవిడ గౌన్ల పక్కలు లోపలికి కుట్టేసేవాడు. ఎప్పుడు చూసినా ఒంటికి సరిగ్గా ఉండేవి. "మా అమ్మేం చిక్కలేదండీ, గౌన్లన్నీ సరిపోతున్నాయిగా" అని భార్య వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది. ఆ ఒక్క ఓదార్పూ పోకూడదు. ఆమె బయటికెళ్తే ఆ కుట్లన్నీ విప్పేయాలని అతని ఎత్తు.

"మనసు నొప్పికి కూడా పనిచేస్తుందా?"

"నొప్పి నొప్పేగా!"

"అయితే రుజువు చూపించండి." బట్టల క్లిప్పు తెచ్చి అతని చెవికి తగిలించింది.

"చచ్చాన్రా బాబూ!"

"సరే. ఇప్పుడు పరిగెత్తి రండి. వచ్చాక మళ్లీ పెడతా. అరవకపోతే నేనూ వెళ్తా."

దర్జీ తన కుట్టులో తనే ఇరుక్కున్నాడు.

నాలుగో రౌండుకి కింది వాటా సైరన్ తాతయ్య "దొంగ! దొంగ!" అని మోగాడు. ఆ మాట విని వీధికుక్క ఉద్యోగంలో చేరింది. కుక్కని తప్పించబోయి పోస్ట్‌మ్యాన్ తన సైకిలుని కాలవలోకి దింపాడు. మిగతా ఆరు రౌండ్లూ ఎలా అయ్యాయో దర్జీకి గుర్తులేదు.

గుమ్మంలోకొచ్చి క్లిప్పు తనే పెట్టుకున్నాడు. నిజంగానే అంత నొప్పి లేదు!

"ఒసేయ్, పనిచేస్తోందే!"

లోపలికెళ్లి చూస్తే, మూలగదిలో ఆమె నేలమీద కూర్చుని ఉంది. ఒళ్లో బూడిదరంగు గౌను, లోపలివైపు తిప్పి. పక్కల్లో మూడేసి వరసల కుట్లు.

"చూసేశావా?"

"ఇప్పుడు చూడ్డమేంటి? మిషను కింద దారప్పోగులు రోజూ ఊడ్చిందెవరనుకున్నారు?"

"మరి అందరితో గౌన్లు సరిపోతున్నాయని చెప్పేదానివి..."

"మీరంత కష్టపడి కుడుతుంటే నేనా మాత్రం చెప్పలేనా?"

దర్జీ గోడకి జారగిలబడ్డాడు. "పోన్లే. అత్తగారికైనా తెలియలేదు."

"మొదటి గౌనుకే అమ్మ పట్టేసింది. 'అల్లుడితో అనకు, బాధపడతాడు' అంది. ఆఖరి వారం మీ కుట్టు కూడా వదులైపోతే, మీరు చూడకముందే వెనక పిన్నీసు పెట్టమంది."

దర్జీ భుజాలు ఎగసెగసి పడుతున్నాయి. ఆయాసమేమో అనుకుందామంటే కళ్లు ఒప్పుకోలేదు.

"నొప్పి తెలియదన్నారు?"

"ఒంటి నొప్పికేనేమోనే."

ఆమె చిన్న కత్తెర అతని చేతిలో పెట్టింది. "పట్టండి, ఆయా వచ్చేలోపు విప్పాలి. వేసుకునేవాళ్లు కాస్త ఒళ్లున్నవాళ్లయితే?"

దర్జీ ఆఖరి వరసతో మొదలుపెట్టాడు. ఒక్కో వరస విప్పుతుంటే గౌను వెడల్పవుతూ వచ్చింది, అత్తగారు మళ్లీ మెల్లగా ఒళ్లు చేస్తున్నట్టు.