చియులాన్ కర్ణమర్దన విజయము

వినుడు, ముక్కు గల మహాజనులారా! ముక్కున్న సంగతే మరచి హాయిగా ఊపిరి పీల్చుచున్న అదృష్టవంతులారా, మీరును వినుడు. మీ వంతు వచ్చిననాడు పనికివచ్చును.

యాంగ్సీ మహానదీ తరంగశీకర శీతలమైన నాన్‌జింగ్ నగరమున, వసంతము ముగియవచ్చి గ్రీష్మము గడప తొక్కు సంధికాలమున, వీధికి ఇరుప్రక్కల ఆకాశమును కప్పి నిలిచిన వూథోంగ్ మహావృక్షములు తమ ఎండుకాయలను పగులగొట్టి, సూక్ష్మాతిసూక్ష్మ పీతవర్ణ రోమసహస్రములను పురజనుల కన్నులలోనికిని, గొంతులలోనికిని, పొగలు గ్రక్కు బాతునెత్తురు సేమ్యా గిన్నెలలోనికిని గుప్పించు ఆ దారుణ దినములందు, మియావో వంశసంజాత, అనవరత నాసికాజలధారాభిషిక్త, చేతిరుమాలైకశరణ్య యగు చియులాన్ అను వీరనారి కథను చెప్పెదను.

ఆమె కొలువు బంగారు రేకుల కార్మికశాలలో. సుత్తిదెబ్బలకు పలుచనై పలుచనై, ఉన్నదో లేదో తెలియరాని రేకును బాతు ఈకతో పైకెత్తి, తోలుపలకపై పరచి, ముడుతలు పోవునట్లు నోటితో ఒక్క మెత్తని ఊపిరి విడిచి, వెదురుకత్తితో చదరముగా కోసి కాగితముల నడుమ ఉంచుట కోతబల్ల విద్య. ఆ గదిలో పంకా తిరుగదు, కిటికీ తెరువరు, తలుపు విసురుగా మూసినవానిని అందరును కలిసి తిట్టుదురు. అట్టి చోట తుమ్మనగా ప్రళయమే కదా!

క్రిందటి వసంతమున చియులాన్ ఆ ప్రళయమును తెచ్చెను. తావ్ అక్క అను పాత కార్మికురాలి ముందున్న దొంతర యంతయు లేచి, ఆ మహాతల్లి కనుబొమలకును, జడకును, సగము ముఖమునకును అంటుకొనగా, ఆమె సాయంకాలము వరకు గుడిలోని విగ్రహమువలె మెరసెను. చియులాన్‌ను పొట్లాల గదికి పంపిరి. నాటినుండి అట్టపెట్టెలు మడచుచు, కోతబల్లను తలచుకొని, ఆమె ముక్కుతో పాటు కన్నులును కార్చెను. ఎట్టకేలకు వాంగ్ మేస్త్రీ దయతలచి ఒక పరీక్ష పెట్టెను: నూగు ఎగురు ఈ కాలముననే, తన ఎదుట, ఒక్క రేకు తుమ్మకుండ కోయవలెను. కోసినచో కుర్చీ ఆమెది. తుమ్మినచో బ్రతుకంతయు అట్టపెట్టెలే.

ఆ పరీక్షాదిన ప్రభాతమున, కర్ణశాస్త్ర ధురంధర యగు అత్తగారు పెయి, వీధి చివరి వైద్యుని దగ్గర కనిపెట్టి కనిపెట్టి నేర్చిన విద్యతో, కోడలి చెవిని చేజిక్కించుకొని యుద్ధసన్నాహము సాగించెను. ఆవగింజంత నల్లని గింజను జిగురుపట్టీపై ఉంచి కుడిచెవికి అంటించి, రెండు వ్రేళ్ల నడుమ బిగించి నొక్కెను.

"అబ్బా! చెవి ఊడొస్తుంది అత్తయ్యా!"

"కదలకే! చెవంటే ఏమనుకున్నావ్? తలకిందులుగా పడుకున్న పసిబిడ్డ. ఇదిగో, ఈ ముందరి గుబ్బ లోపలివైపు దాని ముక్కు. ఇక్కడ వేడెక్కేదాకా నొక్కితే అక్కడ నీ ముక్కు నోరు మూసుకుంటుంది."

"నా ముక్కు నా మాటే వినదు, మీ మాట వింటుందా?"

"ఈ గింజలు పెట్టినప్పట్నుంచీ గురక తగ్గిందా లేదా? మీ ఆయన నన్ను పక్కకి పిలిచి మరీ చెప్పాడు, అమ్మా, నాకు నిద్రంటే ఏంటో తెలిసిందని!"

అంతలో చియులాన్ దృష్టి గింజల పొట్లముపై పడెను. ఇన్నాళ్లును ఆమె ఆ పేరు చదివిన పాపమున పోలేదు. చదివెను. "వాంగ్ పు ల్యూ శింగ్." పిడుగు పడినట్లయ్యెను.

వాంగ్ అనగా రాజు. రాజు ఆగుమన్నను ఆగనిది అని ఆ గింజకు బిరుదు. కాని వాంగ్ అనునది మేస్త్రీ ఇంటిపేరును కదా!

"కొంప ముంచారు కదా అత్తయ్యా! 'వాంగ్ ఉంచుకోడు, నడువ్' అని రాసిపెట్టి ఉంటే, దాన్ని పరీక్ష రోజున నా చెవులకి అంటిస్తారా?"

"నీ మొహం! మందు పేరుకీ మీ మేస్త్రీకీ ఏంటే సంబంధం? ఆయన పుట్టకముందు నుంచీ ఉన్న గింజ అది!"

"నాకొద్దు, తీసేయండి!"

"తియ్యను. తీసి, అక్కడ తుమ్మి, ఇంటికొచ్చి నా కొంగు పట్టుకుని ఏడుస్తావ్. ఆ ఏడుపు నేను చూడలేను."

ఈ పలుకు విని చియులాన్ మెత్తబడెను. ఉభయ పక్షములకును సంధి కుదిరెను: కుడిచెవి అత్తగారిది, ఎడమచెవి కోడలిది. కుడిచెవిపై గింజ నిలిచెను, ఎడమచెవి బోసిగా ఉండెను. తెలివిమాలిన సంధి! చెవులు పంచుకొన్నవారు ముక్కును ఎట్లు పంచుకొందురు?

కోతగదిలో తలుపులు మూతపడెను. పనివారు చేతులు కట్టుకొని గోడవెంబడి నిలిచిరి. దట్టకనుబొమల వాంగ్ మేస్త్రీ బల్లకు అవతల నిలువగా, చియులాన్ కుడిచేత ఈకను, ఎడమచేత వెదురుకత్తిని ధరించి, సువర్ణపత్రమును పైకెత్తెను. రేకు ఈకను చుట్టుకొని, విప్పుకొని, తోలుపలకపై ముడుతలతో వాలెను. ఇక ఒక్క ఊపిరియే తరువాయి. ఆమె ఊపిరి పీల్చెను.

అయ్యో, ఎవని చొక్కా చేతిని పట్టుకొని లోనికి వచ్చినదో గాని, వూథోంగ్ నూగు ఒకటి, గింజ కావలి లేని ఎడమ నాసారంధ్రమున దూరెను! గులగులలు రేగెను. కన్నులు చెమర్చెను. నోరు తెరచుకొనజొచ్చెను. అప్పుడా వీరనారి తన మనమున ముక్కునుద్దేశించి ఇట్లు గర్జించెను: "ఓరి నాసికాధమా! ముఖమధ్య సింహాసనాసీనుడవై, కన్నులకును నోటికిని నడుమ నెలకొని, నిత్యము నేను తుడువగా బ్రతుకుచు, నేడు నా అన్నమునకే ఎసరు పెట్టెదవా? నిలు, నిలు! ఒక్క రేకు కోయునంతవరకు నిలు!"

ముక్కు నిలువలేదు. ఈక వదలినచో రేకు చెదరును, కత్తి దించినచో పలక కదలును. రెండు చేతులును బందీలయ్యెను. చియులాన్ పెదవులు కదపక, పండ్ల నడుమనుండి పలికెను.

"మేస్త్రీ గారూ... చెవి... పట్టుకోండి."

"ఎవరి చెవి?"

"నాది... ఎడమది... గట్టిగా..."

"ఇదేం పిచ్చి అమ్మాయ్?"

తావ్ అక్క ఊరకుండునా! "పట్టుకోండి మేస్త్రీ గారూ, ఇంట్లో మీ ఆవిడ మీది పట్టుకున్నట్టే!" అనెను. ఆ గదిలో నవ్వుటయు నేరమే గనుక అందరును అరచేతులతో నోళ్లు నొక్కుకొని ఎర్రబడిరి.

మేస్త్రీ బల్ల చుట్టి వచ్చి, చెవి తమ్మెను పట్టి లాగెను. చియులాన్ కన్నులనుండి ధారలు కారెను.

"అక్కడ కాదు, అది కన్ను! ముందరి గుబ్బ... లోపల వేలు పెట్టి... గిల్లండి!"

"చెవిలో కన్నేంటి తల్లీ!" అని గొణుగుచునే, సుత్తి పట్టి కాయలు కాచిన ఆ మహాంగుష్ఠ తర్జనీద్వయముతో, ఏండ్ల తరబడి బంగారమును లొంగదీసిన ఆ బలమంతయు కూడగట్టి, వాంగ్ మేస్త్రీ గుబ్బను బిగించి నొక్కెను. చియులాన్‌కు పగలే చుక్కలు కనబడెను. చెవి భగభగ మండెను. ఆ మంట ముందు గులగుల తగ్గెను, తగ్గి వెనుకకు జరిగెను. తెరచుకొన్న నోరు సున్నవలె గుండ్రనయ్యెను. ఆ సున్ననుండి, పసిబిడ్డ పాలు చల్లార్చు తల్లి ఊదినట్లు, ఒక్క మెత్తని ఊపిరి వెడలెను.

ఫూ.

రేకు విచ్చుకొని పలకపై చదునుగా పరచుకొనెను. వెదురుకత్తి నాలుగువైపుల దిగెను. చదరపు రేకు కాగితముల నడుమ పవళించెను.

"మేస్త్రీ గారూ, ఇంక చెవి వదలండి."

"ఓహో, అవును కదా" అని ఆయన వదలెను.

"చెవి పట్టించుకుని కోస్తే లెక్కలోకొస్తుందా?" అని తావ్ అక్క మరల అడిగెను. మేస్త్రీ కాగితమును మెల్లగా తెరచి, దీపమునకు ఎదురుగా రేకును అటునుండి ఇటునుండి చూచెను. ముడుత లేదు, చిరుగు లేదు.

"రేకుని చూడు తావ్. దీనికి చెవి గొడవ తెలుసా? మనం అమ్మేది రేకు, చెవులు కాదు" అని పలికి, కాలితో కుర్చీని ముందుకు జరిపెను. "కూర్చో అమ్మాయ్. ఇది నీది."

చియులాన్ కూర్చుండలేదు. సంతోషము పట్టలేక, అంతకంటె మరొకటి పట్టలేక, ముక్కు మూసుకొని పరుగున పోయి, తలుపును మాత్రము పువ్వువలె మెల్లగా వేసి, వాకిటి నడుమ నిలిచి తుమ్మెను. ఏమా తుమ్ము! కప్పుమీది పావురములు లేచెను, కాపలావాని టీ ఒలికెను, సైకిళ్లు ఒకదానిపై ఒకటి పడెను. తుమ్మి, తుడుచుకొని, మండుచున్న ఎడమచెవిని అరచేత పట్టుకొని, ఆమె ఎలుగెత్తి నవ్వెను.

నాన్‌జింగ్ పురవాసులారా, చాటుడు, దుందుభులు మ్రోయింపుడు! వూథోంగ్ వనసైన్యము ఓడలేదు, దాని నూగు నేటికిని ఎగురుచునే యున్నది. నాసికాసురుడు చావలేదు, రేపు మరల వచ్చును. కాని మియావో చియులాన్ ప్రతాపమున, రావలసిన తుమ్మొకటి, ఒక్క రేకు కోయునంతసేపు, ఆలస్యముగా వచ్చెను.