నెమలి రావాల్సిన కొంగు

అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా తప్పిపోయి ఉంటే చదివేవాళ్ళే సరిచేసుకోండి, నన్ను మన్నించండి. ఈ నాలుగు పేజీలు రాయడానికి నాకు పద్దెనిమిది రోజులు పట్టింది. మీకు అంతసేపు పట్టదులెండి.

ఆ సోమవారం పొద్దున ధర్మవరంలో హనుమంతు ఇంట్లో జరగవలసిన పనులు రెండే. కూతురు యామిని రైలెక్కి హిందూపురం హాస్టలుకు పోవాలి. హనుమంతు ఒక గళ్ళ కాగితం చుట్ట తీసుకుని జగదీష్ దగ్గరికి పోవాలి. జగదీష్ పని అట్టలకు చిల్లులు కొట్టడం. చీర మీద బొమ్మ పడాలంటే ముందు దాన్ని గళ్ళ కాగితం మీద గీస్తారు. ఆ గళ్ళను చూసి అతను అట్టలకు చిల్లులు కొడతాడు. ఆ అట్టలు మగ్గానికెక్కితే ఏ పోగు లేవాలో, ఏది పడుకోవాలో అవే చెబుతాయి. నేసేవాడు ఎదురు చెప్పడానికి లేదు. హనుమంతు ఇరవై ఆరేళ్ళలో పెళ్ళాం మాట జవదాటాడేమోగానీ అట్టల మాట జవదాటలేదు.

ఇది అమ్మకానికి నేసే చీర కాదు. పెనుకొండలో ఉన్న అక్క యల్లక్క కూతురు రాధికకు పెట్టవలసిన మేనమామ చీర. అక్కాతమ్ముళ్ళకు ఐదేళ్ళుగా మాటల్లేవు. రాధిక ఇంటర్ పాసై నర్సు చదువుకు పోతానన్నప్పుడు, పదిమంది కూర్చున్న చోట హనుమంతు, "ఆడపిల్లకు అంత చదువెందుకక్కా, కండెలు చుట్టేది నేర్పించు" అన్నాడు. యల్లక్క చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టి లేచిపోయింది. ఆ తర్వాత రాధిక నర్సయింది, బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, పెళ్ళి కుదిరింది. ఇవన్నీ హనుమంతుకు ఊరివాళ్ళ ద్వారానే తెలిశాయి. ఐదేళ్ళకు మొన్న అక్క నుంచి ఫోనులో ఒక మెసేజి వచ్చింది. హనుమంతుకు సంతకం తప్ప రాత రాదు. యామిని చేత చదివించుకున్నాడు.

"మేనమామ చీర నీ చేత్తో నేసిందే కావాల. కొంగున నెమలి ఉండాల. అంతే."

"మళ్ళీ చదువు పాపా" అని ఐదుసార్లు చదివించుకున్నాడు. ఐదుసార్లూ 'అంతే' దగ్గర గొంతు సవరించుకున్నాడు. ఈ చీర నచ్చితే అక్క ఇంటి తలుపు తెరుచుకుంటుంది. నచ్చకపోతే ఇక ఎప్పటికీ తెరుచుకోదు.

నెమలిని ఆదివారం యామినే గీసింది. అదే రోజు అదే కాగితాల కట్టలోంచి ఇంకో కాగితం తీసి హోంవర్కూ చేసుకుంది. రోజూ వాడే ఇంగ్లీషు క్రియ ఒకటి ఎంచుకుని, దాని పుట్టుకా అర్థాలూ బొమ్మగా గీసుకుని రమ్మని వాళ్ళ ఎస్తేరు టీచర్ చెప్పింది. యామిని 'లెర్న్' అనే మాట తీసుకుంది. వేర్లు, మాను, కొమ్మలు, ఆకులు పెట్టి చెట్టులాగా గీసింది. తర్వాత రెండు కాగితాలనూ చుట్టచుట్టి, రెండింటికీ మగ్గం కింద దొరికిన ఎర్ర పట్టుపోగే కట్టింది.

"రైలు పోతాదే, ఇంకా జడేసుకుంటాండావా!" అని తల్లి అనసూయమ్మ ఒక చుట్ట తీసి కూతురి చంకలో పెట్టి బయటికి తోసింది. రెండోది మొగుడి చేతికిచ్చింది. ఆ తొందరలో ఏది ఎవరికి పోయిందో ఎవరూ చూడలేదు.

జగదీష్ చుట్ట విప్పి చూశాడు. చెట్టుంది. దాని మీద ఇంగ్లీషు అక్షరాలున్నాయి. అడుగుదామా అనుకున్నాడు. కానీ కిందటి నెల ఎవరో బెంగళూరు పెళ్ళికూతురు తన పేరూ మొగుడి పేరూ కొంగు మీద నేయించుకుంది. ఇంకొకామె పెంపుడు కుక్కను నేయించుకుంది. ఈ కాలం పెళ్ళిళ్ళలో ఎందుకని అడిగితే మనమే ముసలివాళ్ళ లెక్కలోకి పోతామని నోరు మూసుకుని చిల్లులు కొట్టేశాడు.

నాలుగో రోజు అట్టలు మగ్గానికెక్కాయి. హనుమంతు మంచిరోజు చూసి కొంగు మొదలుపెట్టాడు. ఆయన మగ్గం మీద చీర బోర్లా పడుకుని ఉంటుంది, నేసేవాడికి కనబడేది వెనకవైపే. మొదటిరోజు అడుగున అడ్డగీతలు, వాటిలోంచి వేర్లలాంటివి వచ్చాయి. ఆయన జగదీష్‌కు ఫోను చేశాడు.

"ఏమబ్బా, నెమలి యాడ?"

"నీ బిడ్డ గీసిందే కొట్టినానప్పా. చెట్టుండాదిగదా, నెమలి పైన కూచునుంటాదేమో. నేస్తాండు, వస్తాది."

రెండోరోజు మాను లేచింది, కొమ్మలు చీలాయి. నెమలి రాలేదు. మూడోరోజు మధ్యాహ్నం ఒక కొమ్మ చివర ఐదు వేళ్ళతో ఒక పాదం వచ్చింది. హనుమంతు ప్రాణం లేచొచ్చింది.

"మేయ్, ఇట్లరా! నెమలి కాలొచ్చినాది!"

అనసూయమ్మ వచ్చి వంగి చూసింది. "నెమలికి ఐదు వేళ్ళు యాడుంటాయప్పా?"

"యామిని చిన్నపిల్ల గదా, లెక్క తప్పింటాది."

"దాని చేతికి ఐదుండాయి, దాని కాలికి ఐదుండాయి. అంత లెక్క తప్పదులే. కొమ్మకు కాలు కాసేది ఏం చెట్టో నువ్వే చెప్పు."

హనుమంతు మళ్ళీ మగ్గంలో కూర్చున్నాడు. కాలు వచ్చింది కాబట్టి పైన ఒళ్ళు రావాలని నేస్తూనే ఉన్నాడు. శనివారం సాయంత్రానికి కొంగు అయిపోయింది. చెట్టు అయిపోయింది. కాలు మాత్రం ఒక్కటే మిగిలింది.

హాస్టల్లో ఆదివారం తప్ప ఫోనివ్వరు. ఆదివారం పొద్దునే యామిని ఏడుస్తూ ఫోను చేసింది.

"నాయనా, నీ నెమలి నా కాడుండాది! క్లాసులో అందరి ముందర విప్పినా. క్రియ యాడ అని టీచర్ అడిగినాది. ఏం చెప్పాల్నో తెలీక, నాట్యం నేర్చుకుంటాండాది మేడం అంటి. అందరూ నవ్విరి."

హనుమంతు మగ్గం మీది కొంగు దగ్గరికి పోయాడు. "ఆ నవ్వులు పోనీ పాపా. కొంగు మీద రాసిందేందో చెప్పు."

యామిని చెప్పింది. మాను మీద ఉన్నది లెర్న్, నేర్చుకోవడం. పాదం దాని చుట్టం, అంటే అదే వేరునుంచి పుట్టిన మాటకు గుర్తు. పక్కనున్న వంకర కొమ్మ మీద ఇంకో చుట్టముంది, డెలీరియం.

"అదేంది?"

"జ్వరమెక్కువై, మతి తప్పి, ఏందేందో కలవరించేది నాయనా."

"పెండ్లి చీర మీద కలవరింతలా! నీకంతకంటే మంచి చుట్టం దొరకలేదా?"

పెళ్ళికి ఇక పదకొండు రోజులే ఉన్నాయి. కొత్త అట్టలు కొట్టించి, కొంగూ ఒళ్ళూ మళ్ళీ మొదటినుంచి నేయడానికి ఆ రోజులు చాలవు. బజారులో ఒక చీర కొనుక్కుపోవచ్చు, కానీ అక్క 'నీ చేత్తో నేసిందే' అంది. హనుమంతు మగ్గంలో కూర్చుని మిగతా చీర నేయసాగాడు. ఆయన భయం నెమలి గురించి కాదు. చదువు వద్దన్న మనిషే చదువు మాటను కొంగు మీద నేసి ఇస్తే, అక్క దాన్ని ఏమనుకుంటుంది? ఐదేళ్ళు దాచిపెట్టుకుని పెళ్ళిలో ఎత్తిపొడిచాడనే అనుకుంటుంది.

"మీద ఒక నెమలి గుడ్డ కుట్టేద్దాం" అంది అనసూయమ్మ.

"సంస్కృతమని చెప్పప్పా, ఎవురూ చదవరు" అన్నాడు జగదీష్.

చివరికి కొంగు లోపలికి పోయేలా చీరను ఎనిమిది మడతలు పెట్టి, పైన టెంకాయ, దాని పైన పూలు పెట్టి, ఎవరూ విప్పకుండా పెళ్ళికూతురి చేతిలో పెట్టేద్దామని తీర్మానించారు. హాస్టలులో సెలవడిగి యామిని కూడా పెనుకొండకు వచ్చింది.

కల్యాణమంటపంలో యల్లక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. "వచ్చినావా?" అంది.

"వచ్చినానక్కా."

పెళ్ళికొడుకు చిన్నాయన ఆంజనేయులు బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి, ఎక్కడ గుంపు కనబడితే అక్కడ పెద్దరికం తీసుకుంటాడు. "ధర్మవరం మేనమామ చేత్తో నేసిన చీర! అట్ల మడిచిపెట్టి ఇస్తే ఎట్లప్పా? అందరికీ చూపించాల!" అని టెంకాయ పక్కన పెట్టి, కొంగు పట్టుకుని బారెడు విప్పేశాడు. పసుపుపచ్చ పట్టు మీద జరీ చెట్టు తళతళలాడింది. అందరూ 'ఆహా' అన్నారు. ఆయన అంతటితో ఆగలేదు, కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఎల్, ఇ, ఏ... లెర్న్! అంటే నేర్చుకో! ఏమప్పా, పెండ్లికూతురికి చీర మీదే బుద్ధులు రాసి తెచ్చినావే!"

మంటపంలో నవ్వులు లేచాయి. యల్లక్క నవ్వలేదు.

"అయిదేండ్లకు వచ్చి, మళ్ళీ నా బిడ్డ చదువు మీదికే వచ్చినావా హనుమంతూ?"

యామిని జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది.

"అత్తా, ఇది ఎగతాళి కాదు. ఆ మాట యాడ పుట్టినాదో చూడు. వేర్లకాడ ఈ గీతలు ఏంటివో తెలుసా? నాగటి సాళ్ళు. వేల ఏండ్ల కిందట సాలుకు, జాడకు ఉండే మాటలోనుంచే ఇది పుట్టినాదని మా టీచర్ పుస్తకంలో ఉండాది. సాలు పట్టుకొని పోయేదే నేర్చుకునేది. ఈ కాలు అడుగుజాడ, ముందర నడిచినోళ్ళది. ఆకులన్నీ అర్థాలు. పని నేర్చుకునేది, కబురు తెలుసుకునేది, కంఠతా పట్టేది. పాతకాలంలో నేర్పించేదానికి గూడా ఇదే మాట వాడిరంట."

"మరి ఈ వంకర కొమ్మేంది పాపా? డె... లీ... రియం" అన్నాడు ఆంజనేయులు. ఆయన చదివే తీరాలనుకున్నాడు.

"అది సాలు తప్పేది. దున్నేటప్పుడు ఎద్దు సాలు తప్పినట్ల, మనిషి మతి తప్పితే ఆ మాట అంటారు."

హనుమంతు అక్క ముఖంలోకి చూశాడు. ఐదేళ్ళుగా ఎట్లా మొదలుపెట్టాలో తెలియని మాటకు మొదలు ఎదురుగా జరీతో నేసి ఉంది. అదీ తన చేత్తోనే.

"అక్కా, ఆ కొమ్మ నేనే" అన్నాడు. "ఆ దినం పదిమందిలో సాలు తప్పి మాట్లాడినా."

యల్లక్క కొంగు చేతిలోకి తీసుకుంది. వంకర కొమ్మ మీద వేలితో రాసింది. కళ్ళు తుడుచుకుంది.

"ఈ మాట చెప్పేదానికి ఇంత జరీ పోసినావేమిరా? ఒక ఫోన్ చేసింటే పోయేది గదా!"

హనుమంతుకు అంత మంచిపేరు మోయడం చేతకాలేదు. "అక్కా, నిజం చెప్తా. రాధిక చీరకు నెమలే గీయించినా. కాగితాలు మారిపోయినాయి..."

"ఊరుకోరా. చేసిన మంచిపనికి గూడా సిగ్గుపడతాడు, చిన్నప్పటినుంచీ ఇంతే."

"లేదక్కా, రైలుకు పొద్దుపోయి..."

"ఊరుకోమంటి గదా."

అంతవరకూ తల వంచుకుని కూర్చున్న రాధిక పీటల మీదినుంచే తలెత్తింది. "మామా, ఆ డెలీరియం నా వార్డులో దినామూ చూస్తా. భయపడేదేం లేదు. తెలిసిన మనిషి ఒకరు పక్కన కూచుని, పేరు పెట్టి పిలుస్తాంటే నెమ్మదిస్తాది."

ఆంజనేయులు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఈసారి ఆయనకు చదవడానికి ఏమీ దొరకలేదు.

మధ్యాహ్నం భోజనాల బంతిలో యల్లక్క తమ్ముడిని తన పక్కనే కూర్చోబెట్టుకుంది. పప్పు తన చేత్తో చేశానని చెప్పి, రెండు గరిటెలు ఎక్కువే వేసింది. "ఎట్లుండాది హనుమంతూ?" అని పేరు పెట్టి అడిగింది.

పప్పులో ఉప్పు రెట్టింపు పడింది. బాగుందని చెప్పాలని హనుమంతు ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాడు.

బి. సుంకులమ్మ, అరవైతొమ్మిదేళ్ళు. ఇప్పుడు ఉండేది గోరంట్లలో.