రుద్దుడు గుడ్డల కేసు

"తమ్ముడూ! నా బుర్రకి తగిన నేరం ఈ ఊళ్ళో ఇంతవరకూ ఎవడూ చెయ్యలేదు. అది నా దురదృష్టం కాదు, నేరస్థుల చేతకానితనం!"

ఆదివారం పొద్దున్నే నేను పళ్ళు తోముకుంటుంటే బాత్రూం తలుపు బయట నిలబడి ఈ ప్రకటన చేసినవాడు మా పెద్ద తోడల్లుడు. నోటి నిండా నురగ ఉండటంతో నేనేమీ అనలేకపోయాను. నా మౌనాన్ని ఆయన చప్పట్ల కింద జమకట్టుకుని ముందు గదిలోకి వెళ్ళిపోయాడు.

ఆయనకి బజార్లో కళ్ళజోళ్ళ షాపుంది. అది పొట్ట కోసం. ఆత్మ కోసం డిటెక్టివ్ పని. 'డేగకన్ను' అనే బిరుదు ఎవరూ ఇవ్వకపోతే తనే ఇచ్చుకుని బోర్డు మీద రాయించుకున్నాడు. ఓసారి పక్క షాపు షట్టర్‌కి తన తాళంచెవి పెట్టి తిప్పి తిప్పి, ఎవరో దొంగలు తాళం మార్చేశారని పోలీసుల్ని పిలిపించాడు. వాళ్ళు వచ్చి ఆయన షాపు ఆయనకి చూపించి వెళ్ళారు. అది తను చిటికెలో తేల్చిన కేసని ఇప్పటికీ చెప్పుకుంటాడు.

మేమిద్దరం అక్కచెల్లెళ్ళని చేసుకున్నాం. కింద అత్తగారూ మామగారూ, పైన రెండు వాటాల్లో మేమూ. ఇల్లరికం అనకండి. వాటాలు వేరు, వంటిళ్ళు వేరు. ఆయన తెచ్చిపెట్టే అవమానాలు మాత్రమే ఉమ్మడి.

మా అత్తగారు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఏం తోచక ఇంట్లో తిరుగుతుంటే పక్కింటి సబ్బులావిడ ఆవిడ చేతికి ఓ కొక్కెం సూదీ, తెల్ల నూలు ఉండా ఇచ్చింది. సబ్బులావిడ ఇంట్లోనే సబ్బులు చేసి షాపులకి ఇస్తుంది. క్రోషే పని కూడా బాగా వచ్చు. ఆవిడ దగ్గర మా అత్తగారు ఒళ్ళు రుద్దుకునే గుడ్డలు అల్లడం నేర్చుకున్నారు. గొప్ప పనేం కాదు. నూలుతో జానెడు గొలుసు వేసుకోవడం, వెనక్కి తిరగడం, వరస మీద వరస, నలుచదరంగా అయ్యేదాకా. కానీ ఆవిడ చేతిలో ఆ నూలు నురగలా పొంగేది.

మాకందరికీ తలో గుడ్డా ఇచ్చారు. అందరం ఆహా అన్నాం, ఓహో అన్నాం, బీరువాల్లో పెట్టేశాం. మామగారైతే ఆ ఆహా కూడా అనలేదు. "ఒళ్ళు రుద్దుకోడానికి దేవుడు చెయ్యిచ్చాడు కదే, మధ్యలో ఈ గుడ్డెందుకు?" అన్నారు.

కిందటి నెల సబ్బులావిడ వచ్చి, "అక్కా, సబ్బుతో పాటు గుడ్డ కూడా కట్టి ఇస్తే కావాలంటున్నారు షాపువాళ్ళు. అల్లి పెడతావా?" అంది. తన చేతి పని కావాలని అడిగిన మొదటి మనిషి ఆవిడే. మా అత్తగారు నెలంతా అల్లారు. టీవీ ముందు, పొయ్యి ముందు, కరెంటు పోతే కిటికీ ముందు. అల్లినవన్నీ హాల్లో బుట్టలో పేర్చారు. మంగళవారం ఇవ్వాలి.

ఆ ఆదివారం పొద్దున్న చూస్తే బుట్ట ఖాళీ.

మా అత్తగారు అరవలేదు, ఏడవలేదు. చేత్తో బుట్ట అడుగు తడిమి, బోర్లించి, మళ్ళీ మామూలుగా పెట్టారు. "ఎవరైనా తీశారా?" అని మెల్లిగా అడిగారు. ఆ అడగడం వింటే నాకే ఏదోలా అయింది.

మా డేగకన్నుకి మాత్రం మొహం వెలిగిపోయింది.

"ఎవరూ కదలొద్దు! ఈ ఇంటి మీద పాతాళలోకపు నీడ పడింది. తమ్ముడూ, భూతద్దం!"

"మీ చేతిలోనే ఉంది అన్నయ్యగారూ."

"తెలుసు. నీ పరిశీలన పరీక్షించా." ఆయన బుట్ట చుట్టూ పాకాడు. నా చొక్కా మీది నూలుపోగు పట్టుకుని నన్నో పావుగంట ప్రశ్నించాడు. అది చొక్కా గుండీకున్న దారమని తేలాక కూడా క్షమాపణ చెప్పలేదు. చివరికి లేచి, "ఇది గుడ్డల కేసు కాదు," అన్నాడు.

"మరి?" అన్నారు సోఫాలోంచి మామగారు, కాస్త తొట్రుపడుతూ.

"దీని వెనక ఓ ముఠా ఉంది."

"అమ్మయ్య," అన్నారు మామగారు. ఆ మాట ఎందుకన్నారో అప్పుడు మాకెవరికీ తట్టలేదు.

మధ్యాహ్నం డేగకన్ను నన్ను పెరట్లోకి ఈడ్చుకుపోయి గోడ దగ్గర గొంతుక్కూర్చోబెట్టాడు. గోడ అవతల సబ్బులావిడ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది.

"ముందు గొలుసు చూసుకోవే... ఆ, గొలుసే ముఖ్యం. కొక్కెం దూర్చి లాగెయ్. మరీ బిగించకు, ఊపిరాడకపోతే పాడైపోతుంది... అంతా అయ్యాక తెంపెయ్. కొస కనబడకుండా లోపలికి దాచెయ్. ఎవడి తాతా కనిపెట్టలేడు!"

మా తోడల్లుడు నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "గొలుసు దొంగలు!" అన్నాడు గుసగుసగా. "విన్నావా? మెడకి కొక్కెం వేసి లాగటమే! ఊపిరాడకపోతే మనిషి పోతాడని, బిగించొద్దంటోంది. జాలిగల హంతకురాలు!"

"అన్నయ్యగారూ, ఆవిడ క్రోషే గురించి..."

"అది ముసుగు!"

"పోనీ, ఆ గుడ్డలు ఎల్లుండి ఎలాగూ ఆవిడకే ఇస్తాం కదా. తనవి తనే ఎందుకు దొంగిలిస్తుంది?"

ఆయన నావైపు జాలిగా చూశాడు. "అందుకే కదా తమ్ముడూ, ఆవిణ్ణి ఎవరూ అనుమానించరు!"

నేను లేచి ఒళ్ళు దులుపుకుని ఇంట్లోకి నడిచాను.

సాయంత్రం అందర్నీ అత్తగారి హాల్లో కూర్చోబెట్టాడు. సబ్బులావిణ్ణి కూడా, గుడ్డల గురించి మాట్లాడాలని పిలిపించాడు. ఆవిడ పాపం చేతులు తుడుచుకుంటూ వచ్చి, "దొరికాయా అక్కా?" అంటూ మా అత్తగారి పక్కనే కూర్చుంది. మా డేగకన్ను అందరికీ కనబడాలని చేతిలో గొడుగుతో బీరువా పక్కనున్న స్టూలెక్కాడు.

"ఏవండీ," అంది మా వదిన, అంటే ఆయన భార్య, "దిగండి. ఆధారం లేదు."

"ఆధారం ఉంది!"

"స్టూలుకండీ! ఓ కాలు ఊగుతోంది."

"నేరస్థుల కాళ్ళు కూడా ఇప్పుడు ఊగుతుంటాయి! ఈ గదిలో ఓ మనిషి ఉంది. చేతులకి సబ్బు వాసన, మనసుకి నెత్తుటి వాసన! నూలు నేర్పిస్తానని ఈ ఇంట్లో అడుగుపెట్టి, గొలుసు ముఠా నడుపుతున్న ఆ మహాతల్లి..." గొడుగు తిన్నగా సబ్బులావిడ ముక్కు ముందు ఆగింది. "మీరే!"

సబ్బులావిడ మా అత్తగారి వైపు తిరిగింది. "నువ్వూ ఇదే అనుకున్నావా అక్కా?"

"లేదే! నాకీ సంగతే తెలీదు!" మా అత్తగారు ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

"ఫోన్లో మీ పన్నాగం విన్నాను," అని డేగకన్ను రెచ్చిపోయాడు. "కొక్కెం దూర్చి లాగెయ్ అన్నారా లేదా?"

"మా చెల్లెలికి వరస తిప్పడం చెప్తున్నానయ్యా!"

"ఎలా లాగుతారో కూడా చూపిస్తాను. తమ్ముడూ, గమనించు. ఇది గొడుగు పిడి, అంటే కొక్కెం. అదిగో బీరువా మీద పెట్టె, అంటే బాధితురాలు. పెట్టె పిడి, అంటే గొలుసు. ఇలా దూర్చి..."

"అల్లుడూ, వద్దు!" అని మామగారు సోఫాలోంచి ఎగిరి లేచారు.

"...ఇలా లాగి!"

స్టూలు కాలు విరిగింది. మా తోడల్లుడు కిందికీ, పెట్టె ఆయన మీదికీ వచ్చాయి. మూత ఊడి గులాబీ రంగు ముక్కలు హాలంతా కురిశాయి. ఒకటి వచ్చి నా ఒళ్ళో పడింది. చూస్తే క్రోషే గుడ్డ. జానెడు ఉండాల్సింది, అట్టముక్కలా బిగుసుకుపోయి అరచేతిలో సగానికి వచ్చింది.

అందరం మామగారి వైపు చూశాం. ఆయన నేలవైపు చూశారు.

"నూలు గుడ్డ ఉతికితే మెత్తబడుతుందని నువ్వే అంటుంటావు కదా," అని మొదలుపెట్టారు మెల్లిగా. "నిన్న నువ్వు బజారుకి వెళ్ళినప్పుడు, ఎప్పుడూ ఏ పనీ అందుకోను, ఈసారన్నా సాయం చేద్దామని... మెషీన్లో వేశాను. నా కొత్త ఎర్ర టవల్ కూడా అందులోనే వేశాను. నీళ్ళు ఎంత వేడిగా పెట్టాలో తెలీక, ఉన్నంతా పెట్టాను."

మా అత్తగారు వంగి రెండు ముక్కలు ఏరి ఒళ్ళో పెట్టుకున్నారు. తర్వాత, "పాడుచేశారని కాదు," అన్నారు. "ఆవిణ్ణి నా ఇంట్లో కూర్చోబెట్టి దొంగంటుంటే నోరు కుట్టేసుకుని ఎలా కూర్చున్నారు?"

"పెద్దల్లుడు అంత గట్టిగా చెప్తుంటే," మామగారు నీళ్ళు నమిలారు, "ఓ నిమిషం నేను తియ్యలేదేమో అనిపించిందే."

పెట్టె కిందినుంచి ఓ మూలుగు వినిపించింది. "నేరస్థుడు ఇంటివాడేనని నేను మొదట్నుంచీ..."

"నోర్ముయ్యండి," అంది వదిన.

సబ్బులావిడ లేచి ఒక గులాబీ ముక్క తీసి చూసి, మళ్ళీ బల్ల మీద పెట్టేసింది. "ఉతికి పాడుచేసినవాళ్ళ మీద నాకు కోపం లేదక్కా. నా మీద ఇలా నేరం రుద్దిన మనిషి మాత్రం నా కళ్ళబడకూడదు," అని వెళ్ళిపోయింది. మా అత్తగారు చెప్పులు కూడా వేసుకోకుండా ఆవిడ వెనకే పరిగెత్తారు.

తిరిగొచ్చేసరికి ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కానీ చేతిలో నూలు ఉండల సంచీ ఉంది. మంగళవారానికి అయినన్నే ఇవ్వమందట సబ్బులావిడ. కొక్కెం సూదులు తీసి మామగారికొకటి, నాకొకటి, నడుం పట్టుకుని కూర్చున్న పెద్దల్లుడికొకటి ఇచ్చారు.

"అత్తయ్యగారూ, నాకా?" అన్నాడు డేగకన్ను. "నేను మేధావిని!"

"అల్లుడన్న పేరుంది కదండీ. అల్లండి."

ఆ రెండు రోజులూ మా ఇంట్లో టీవీ పెట్టలేదు. ఇద్దరు కూతుళ్ళూ తల్లికి చెరో పక్కా కూర్చున్నారు. మామగారు నాలుక బయటపెట్టి, పరీక్ష రాసే పిల్లాడిలా అల్లారు. ఒక్కో వరసా అల్లడం, "చూడు, ఇది సరేనా?" అని భార్యకి చూపించడం. అన్నేళ్ళ కాపురంలో ఆయన ఆవిడ అభిప్రాయం అన్నిసార్లు అడగడం అదే మొదలట. నాది గుడ్డలాగానే వచ్చింది. అది నేనే అల్లానంటే మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

డేగకన్ను మాత్రం గోడవైపు తిరిగి ఎవరికీ కనబడకుండా అల్లాడు. ప్రతి వరస చివరా ఓ కుట్టు వదిలేశాడేమో, చదరంగా మొదలైంది కాస్తా పోనుపోను సన్నబడి, మూడు మూలలతో, పైన చిన్న తోకతో తేలింది.

మంగళవారం సబ్బులావిడ వచ్చి గుమ్మంలోనే నిలబడి గుడ్డలన్నీ ఒక్కొక్కటే లాగి చూసింది. మామగారు అల్లిన దాన్ని కాస్త ఎక్కువసేపు చూసి సంచీలో వేసుకుంది. మూడు మూలల దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తింది.

"ఇదేమిటి?"

"ఆధునిక నమూనా," అన్నాడు డేగకన్ను తలుపు వెనకనుంచి. "చెవుల కోసం."

సబ్బులావిడ పెదాలు బిగబట్టింది. ఎంత బిగబట్టినా నవ్వాగలేదు. లోపలికొచ్చి, మా అత్తగారి పక్కన, తన మామూలు చోట్లో కూర్చుంది. మా అత్తగారు ఆ గుడ్డ అందుకుని, తోక దగ్గర కొస పట్టుకుని మెల్లిగా లాగారు. సర్రుమని వరస తర్వాత వరస ఊడిపోయి, కాసేపట్లో అంతా వంకర్లు తిరిగిన నూలు కుప్పయి ఆవిడ ఒళ్ళో పడింది.

"మీరు అల్లింది విప్పడం ఎంత సుళువండీ అల్లుడుగారూ," అన్నారు. "ఒక్క పోగు లాగితే చాలు."

మా తోడల్లుడు తలుపు చాటునుంచి వచ్చి గర్వంగా నా భుజం మీద చెయ్యేశాడు.

"చూశావా తమ్ముడూ? చిక్కుముళ్ళు విప్పే విద్య. అత్తయ్యగారు కూడా నన్ను చూసే నేర్చుకుంటున్నారు!"