బొంతలో కాళ్లవైపు ఎవరు?

పొద్దున్నే చాయ్ తాగి కూర్చుంటే మధ్యాహ్నం కల్లా బొంత కుట్టేయొచ్చన్నది పిచ్చయ్య పథకం. బొగ్గుబావిలో ముప్పై రెండేళ్లు భూమిని తొలిచిన మనిషికి రెండు మూరల బొంత ఒక లెక్కా అనుకున్నాడు. కొత్తగా తాతలైనవాళ్లు ఇలాంటివి చాలా అనుకుంటారు.

మర్నాడు భద్రాచలంలో అతనింట్లోనే మనుమరాలికి ఇరవై ఒకటో రోజు, బిడ్డను ఉయ్యాలలో వేసే తొట్టెల పండుగ. పసిబిడ్డను మెత్తని పాతబట్ట మీదే కదా పడుకోబెట్టాలి! అందుకని నిరుడు పోయిన భార్య భద్రమ్మ పెళ్లిచీర, ఆకుపచ్చ నేతచీర, పెట్టెలోంచి తీశాడు. ఆమె ఫొటోలు రెండుంటే రెండూ గోదారి వరదలో నానిపోయాయి. మిగిలింది ఈ చీరే. అది బొంత నడిమధ్యన ఉండాలి, బిడ్డ అమ్మమ్మ ఒడిలో పడుకున్నట్టే ఉండాలి. అదొక్కటే అతని కోరిక.

నాలుగు మూలలకు నలుగురు పెద్దల ఫొటోలను జగదీష్ స్టూడియోలో పాతపంచె ముక్కల మీద అచ్చు వేయించి తెచ్చాడు. తలవైపు వియ్యంకుడు ప్రేమ్‌సాగర్, వియ్యపురాలు శోభారాణి. కాళ్లవైపు తాను, తనను పెంచిన అక్క సారక్క. చీర కత్తిరించడానికి మాత్రం చేయి ఆడలేదు. "ఏమనుకోకు" అని చీరకే చెప్పి కత్తెర వేశాడు.

సగం కుట్టాక సారక్క వచ్చి చూసింది.

"ఏంది తమ్మీ గిది? నేను కాళ్ల దిక్కా? ఎత్తుకొని సాదినందుకు నీ మనుమరాలితోని తన్నిపిస్తవా?"

"పసిపిల్ల గదక్కా, దాని కాళ్లు గంత దూరం వస్తయా?"

"ఇయ్యాల రావు. రేపు పెరగదా?"

పిచ్చయ్య కుట్టు విప్పి అక్కను తలవైపుకు మార్చాడు. ఆ చోటులో ఉన్న ప్రేమ్‌సాగర్ కాళ్ల దగ్గరికి దిగాడు. సారక్క అంతటితో ఊరుకుంటే బాగుండేది. ముచ్చటపడి ఫోన్‌లో ఫొటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టింది. అయిదు నిమిషాల్లో ఎర్రుపాలెం నుంచి శోభారాణి ఫోన్.

"అన్నయ్యగారూ, మగపెళ్లివారిని కాళ్ల దగ్గర పెట్టే ఆచారం మీ వైపు ఉందాండీ? తెలియక అడుగుతున్నా."

"అయ్యో, గట్ల కాదు చెల్లెమ్మా..."

"పోనీ మమ్మల్ని నడుమ పెట్టెయ్యండి. అప్పుడు తలా కాదు, కాళ్లూ కాదు. ఏ గొడవా ఉండదు."

పక్కనే చెవి ఒగ్గిన సారక్క, "ఆళ్లు నడుమైతే నేనెందుకు మూలకు?" అంది.

మళ్లీ కుట్లు విప్పాడు. నలుగురినీ మధ్యకు చేర్చేసరికి శోభారాణి సరిగ్గా నట్టనడుమ కుదురుకుంది, చీరకు చోటు లేకపోయింది. చివరికి దాన్ని అడుగున అస్తరుగా వేయాల్సి వచ్చింది. కుడుతుంటే బొంత జారి ఎవరో ఒక పెద్దమనిషి బొమ్మ తన కాలికి తగలడం, కుట్టుమిషన్ ఆపి దాన్ని కళ్లకద్దుకోవడం. ఆ మొక్కులతోనే సాయంత్రమైంది. భద్రమ్మ బతికున్నప్పుడు కూడా చుట్టాలొస్తే ఇలాగే వెనక్కి, వంటింట్లోకి వెళ్లిపోయేది. అది గుర్తొచ్చి పిచ్చయ్యకు ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు తొట్టెలలో బొంత పరిచారు. శోభారాణి తన ఫొటో చూసుకుని మురిసిపోయింది. కూతురు అరుణశ్రీ బిడ్డను దించబోతూ ఆగింది.

"నాయినా, బిడ్డకు లంగోటీ గూడ లేదు. ఇప్పుడే పాలు తాగింది. కింద నడుమ ఎవరున్నరు?"

అందరూ నడుమవైపు చూశారు. శోభారాణీ చూసింది.

"ఆగమ్మా, ఆగు! వదినగారూ, పెద్దవారు, మీరు రండి నడుమకి."

"నాకొద్దు తల్లీ, నాకు మూలే మంచిగుంటది" అంది సారక్క.

నిన్న నడుమ కోసం జరిగిన పంచాయితీ ఇవాళ మూల కోసం మొదలైంది. "నన్ను తీసేసినా పర్లేదు" అన్నాడు ప్రేమ్‌సాగర్, ఎవరూ అడగకుండానే.

అరుణశ్రీ విసిగిపోయి బిడ్డను పిచ్చయ్య చేతుల్లో పెట్టి, బొంతను తిరగేసింది. పైకి ఆకుపచ్చ రంగు వచ్చింది.

"అమ్మ చీర" అంది.

పంచాయితీ ఆగిపోయింది. పిచ్చయ్య బిడ్డను దించాడు. అది చీర అంచును గుప్పిట పట్టుకుని హాయిగా కళ్లు మూసుకుంది. పిచ్చయ్య అందరి ముందే కళ్లు తుడుచుకున్నాడు.

"పెద్దలందరు బోర్ల పడ్డరు గదర" అని సారక్క గొణిగింది.

"పడనీ అక్కా. కాళ్లయితే తగుల్తలేవు గద!"

కాసేపటికి బిడ్డ తన పని తాను చేసుకుంది. తడి చీరలోంచి కిందికి దిగి, మూల, నడుమ అని చూడకుండా పెద్దలందరికీ సమానంగా అందింది.